పాత డాస్ టూల్స్‌ని బూట్ మెనూ నుంచి రన్ చేయడం ఎలా? నా బ్యాకప్‌ని మింగేసిన ఆ ఒక్క పదం

పాత మదర్‌బోర్డ్‌కి బయోస్ అప్‌డేట్ కోసం వెతుకుతారు. కంపెనీ సైట్‌లో ఒక జిప్ ఫైల్ దొరుకుతుంది. ఓపెన్ చేస్తే లోపల రెండే ఫైళ్లు ఉంటాయి. ఒకటి రోమ్ ఫైల్, రెండోది డాస్‌లో మాత్రమే నడిచే చిన్న ఈఎక్స్‌ఈ. పక్కనున్న రీడ్‌మీలో "ఫ్లాపీలోకి కాపీ చేసి దాంతో బూట్ చేయండి" అని ఉంటుంది. ఫ్లాపీ డ్రైవ్ ఎక్కడిది? మనలో చాలామంది ఫ్లాపీని సేవ్ ఐకాన్‌లో తప్ప చూసి ఉండరు.

అయినా ఆ టూల్‌ని రన్ చేయొచ్చు. ఫ్లాపీ అక్కర్లేదు, కొన్నిసార్లు పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే బూట్ మెనూలో విండోస్ పక్కనే "డాస్" అని ఒక లైన్ పెట్టుకుంటే చాలు. అదెలాగో ఈ ఆర్టికల్‌లో చెప్తాను. అంతకంటే ముఖ్యంగా, ఆ మెనూ లైన్‌లో ఉన్న ఒక్క పదం అర్థం చేసుకోకపోవడం వల్ల మా బాబాయ్ షాపు నాలుగు రోజులు మూతపడింది. అది కూడా చెప్తాను, మీకు అలా జరగకూడదని.

అసలు నాకు డాస్‌తో పనేంటి?

మా బాబాయ్‌కి ఖమ్మంలో డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు. ఆయన పని మొత్తం 2008 నాటి ఒక డెస్క్‌టాప్ మీదే నడుస్తుంది. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్స్. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆపేసింది 2014 ఏప్రిల్‌లో. బాబాయ్ మాత్రం ఆపలేదు. పదిహేనేళ్ల కార్డుల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, నెట్ కనెక్షన్ కూడా లేదు కాబట్టి నేనూ మార్చమని అనలేదు.

నాకు సెకండ్‌హ్యాండ్‌లో ఒక కోర్ 2 క్వాడ్ ప్రాసెసర్ చవగ్గా దొరికింది. పాత డ్యూయల్ కోర్ తీసేసి ఇది పెడితే సిస్టమ్ స్పీడ్ అవుతుంది కదా అనుకున్నా. బోర్డ్ సపోర్ట్ లిస్ట్ చూస్తే ఆ ప్రాసెసర్ ఉంది, కానీ కొత్త బయోస్ వెర్షన్ ఉంటేనే. అలా నేను ఆ జిప్ ఫైల్ దగ్గరికి వచ్చాను.

కమాండ్ ప్రాంప్ట్ ఉంది కదా, అందులో రన్ చేస్తే పోలా?

పోదు. విండోస్‌లో కనిపించే నల్ల విండో డాస్ కాదు. అది విండోస్ ప్రోగ్రామే, కాకపోతే టైప్ చేసే కమాండ్లు డాస్‌లో లాగా ఉంటాయి. 32 బిట్ విండోస్‌లో పాత 16 బిట్ ప్రోగ్రాములు నడపడానికి ఎన్‌టీవీడీఎం అనే భాగం ఉండేది. 64 బిట్ విండోస్‌లో అది లేదు. ఉన్నచోట కూడా హార్డ్‌వేర్‌ని నేరుగా ముట్టుకోనివ్వదు.

డాస్‌బాక్స్ సంగతి? పాత గేమ్స్‌కి సూపర్. కానీ అది ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ని సృష్టించి, అందులో ప్రోగ్రామ్‌ని నడుపుతుంది. బయోస్ చిప్‌ని రాసే టూల్‌కి, హార్డ్‌డిస్క్‌ని సెక్టార్ సెక్టార్‌గా చెక్ చేసే టూల్‌కి కావాల్సింది అసలు హార్డ్‌వేర్. మధ్యలో ఎవరూ ఉండకూడదు. డాస్‌లో నిజంగానే ఎవరూ ఉండరు. ఒకసారి ఒకే ప్రోగ్రామ్, మెషీన్ మొత్తం దాని చేతిలోనే. ఈ పనులకి డాస్ ఇంకా బతికుండడానికి కారణం ఇదే. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

మరి డాస్ ఎక్కడ దొరుకుతుంది? ఫ్రీడాస్. 1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఇప్పటికీ నడుస్తోంది. 1.3 వెర్షన్ 2022లో, 1.4 వెర్షన్ 2025లో వచ్చాయి. ఫ్రీ, లీగల్. ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌ని కూడా చదువుతుంది.

ఫ్లాపీ లేకుండా ఫ్లాపీ: లోపల జరిగేది ఏంటి?

కాస్త ఓపిగ్గా చదవండి, ఆర్టికల్ అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

డాస్‌కి డిస్క్ నుంచి ఏదైనా కావాలంటే తనే వెళ్లి తెచ్చుకోదు, బయోస్‌ని అడుగుతుంది. అలా అడిగే కిటికీ పేరు ఇంటరప్ట్ 13హెచ్. "మొదటి ఫ్లాపీలో ఫలానా సెక్టార్ ఇవ్వు" అంటే బయోస్ తెచ్చి ఇస్తుంది.

ఇప్పుడు మన దగ్గర ఫ్లాపీ లేదు. దాని ఇమేజ్ ఫైల్ ఉంది, అంటే ఒక ఫ్లాపీలో ఉండాల్సిందంతా ఒకే ఫైల్‌గా. బూట్ లోడర్ ఏం చేస్తుందంటే, ఆ ఇమేజ్‌ని మొత్తంగా ర్యామ్‌లోకి కాపీ చేస్తుంది. తర్వాత వెళ్లి ఆ కిటికీలో తను కూర్చుంటుంది. డాస్ వచ్చి "ఫ్లాపీ ఇవ్వు" అంటే ర్యామ్‌లోంచి తీసి ఇస్తుంది. హార్డ్‌డిస్క్ అడిగితే అసలు బయోస్‌కి పంపేస్తుంది. తను ఉన్న ర్యామ్ జాగాని వేరేవాళ్లు వాడకుండా "ఇది రిజర్వ్‌డ్" అని కూడా చెప్పి పెడుతుంది. డాస్‌కి ఈ తేడా ఏమీ తెలియదు. దాని దృష్టిలో ఏ డ్రైవ్‌లో నిజమైన ఫ్లాపీ ఉంది.

లైనక్స్ వైపు ఈ పని చేసేది మెమ్‌డిస్క్, సిస్‌లైనక్స్ ప్యాకేజీలో వస్తుంది. విండోస్ ఉన్న పాత సిస్టమ్స్‌లో గ్రబ్4డాస్ చేస్తుంది.

సెటప్ చేద్దాం: మూడు దారులు

1. గ్రబ్4డాస్ (ఎక్స్‌పీ ఉన్న సిస్టమ్స్‌కి). నేను వాడింది ఇదే.

ముందు ఇమేజ్ తయారు చేయాలి. ఫ్రీడాస్ బూట్ ఫ్లాపీ ఇమేజ్ తీసుకుని విన్‌ఇమేజ్‌లో ఓపెన్ చేయండి. మామూలు 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టేది 14,74,560 బైట్లు. నా రోమ్ ఫైల్ ఒక్కటే 1 ఎంబీ, అంటే 10,48,576 బైట్లు. ఫ్లాష్ చేసే ముందు టూల్ పాత బయోస్‌ని బ్యాకప్ తీస్తుంది, అది ఇంకో 1 ఎంబీ. సరిపోదు. అందుకే విన్‌ఇమేజ్‌లో చేంజ్ ఫార్మాట్ ఆప్షన్‌తో 2.88 ఎంబీకి మార్చి, రోమ్‌ని, టూల్‌ని అందులో వేశాను. 29,49,120 బైట్లు, అన్నీ హాయిగా పట్టాయి. ఫైల్ పేర్లు మాత్రం ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు దాటకుండా చూసుకోండి. అది డాస్ రూల్.

తర్వాత గ్రబ్4డాస్‌లోని జీఆర్ఎల్‌డీఆర్ అనే ఫైల్‌ని, మన ఇమేజ్‌ని సీ డ్రైవ్‌లో పెట్టాలి. ఎక్స్‌పీ బూట్.ఐఎన్ఐ ఫైల్ చివర ఆ జీఆర్ఎల్‌డీఆర్‌ని చూపిస్తూ ఒక లైన్ కలపాలి. ఆ లైన్‌కి ఏ పేరు పెడితే అది బూట్ మెనూలో కనిపిస్తుంది.

ఇక మెనూ.ఎల్ఎస్‌టీ ఫైల్. ఇందులో టైటిల్ కింద నాలుగు పనులు వరసగా ఉంటాయి. ఇమేజ్ ఏ పార్టిషన్‌లో ఉందో వెతకడం (ఫైండ్), దాన్ని ఫ్లాపీగా చూపించడం (మ్యాప్), కిటికీలో కూర్చోవడం (మ్యాప్ హుక్), ఆ ఫ్లాపీ నుంచి బూట్ చేయడం (చైన్‌లోడర్). రెండో పనిలో, మ్యాప్ పక్కన, రెండు గీతలు పెట్టి "మెమ్" అని రాసి ఉంటుంది. నెట్‌లో దొరికే శాంపిల్స్‌లో చాలావాటిలో అది ఉంటుంది. నేను అలాగే కాపీ కొట్టేశాను. ఆ పదాన్ని గుర్తుపెట్టుకోండి.

2. గ్రబ్ + మెమ్‌డిస్క్ (ఉబుంటు, డెబియన్ లాంటివి ఉన్న పాత సిస్టమ్స్‌కి). సిస్‌లైనక్స్ కామన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, అందులోని మెమ్‌డిస్క్ ఫైల్‌ని, మీ ఇమేజ్‌ని బూట్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. గ్రబ్ కస్టమ్ ఫైల్‌లో ఒక మెనూఎంట్రీ రాయాలి. అందులో లైనక్స్16 కమాండ్‌కి మెమ్‌డిస్క్‌ని, ఇనిట్‌ఆర్‌డీ16 కమాండ్‌కి ఇమేజ్‌ని ఇవ్వండి. అప్‌డేట్ గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేస్తే మెనూలో డాస్ వచ్చేస్తుంది. మెమ్‌డిస్క్ ఎప్పుడూ ర్యామ్‌లోంచే పని చేస్తుంది. ఇదీ గుర్తుపెట్టుకోండి.

3. రూఫస్‌తో పెన్‌డ్రైవ్. అందరికంటే ఈజీ. రూఫస్ ఓపెన్ చేసి బూట్ సెలెక్షన్‌లో ఫ్రీడాస్ ఎంచుకుని స్టార్ట్ నొక్కండి. తర్వాత టూల్‌ని, రోమ్‌ని పెన్‌డ్రైవ్‌లో మామూలుగా కాపీ చేయండి. సిస్టమ్ ఆన్ చేసేటప్పుడు మదర్‌బోర్డ్ బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకోవడమే. ఇక్కడ ఇమేజ్ లేదు, ర్యామ్ లేదు. పెన్‌డ్రైవే సీ డ్రైవ్‌గా కనిపిస్తుంది.

బ్యాకప్ ఎలా పోయింది?

ఖమ్మంలో ఆ రోజు అంతా పద్ధతిగానే చేశాను. యూపీఎస్ చార్జ్ అయ్యిందో లేదో చూశా. ఫ్లాష్ మధ్యలో కరెంట్ పోతే బోర్డ్ పోయినట్టే. బూట్ మెనూలో డాస్ ఎంచుకుంటే ఏ డ్రైవ్ ప్రాంప్ట్ వచ్చింది. టూల్ రన్ చేస్తే "పాత బయోస్ సేవ్ చేయమంటారా?" అని అడిగింది. చేయమన్నా. సేవ్ అయ్యింది. డైరెక్టరీ లిస్ట్ కొట్టి చూశా, ఫైల్ ఉంది, సైజు కూడా కరెక్ట్. అప్పుడే కొత్త బయోస్ ఫ్లాష్ చేసి రీస్టార్ట్ చేశా.

కొత్త బయోస్ వచ్చింది. క్వాడ్‌ని గుర్తుపట్టింది కూడా. కానీ పదిసార్లు ఆన్ చేస్తే నాలుగుసార్లు కంపెనీ లోగో దగ్గరే ఆగిపోతోంది. పాత ప్రాసెసర్ తిరిగి పెట్టినా అదే తంతు. మధ్యాహ్నానికి అసలు లోగో దాటడమే మానేసింది. సరే, పాత బయోస్‌కి వెళ్లిపోదాం, బ్యాకప్ ఉంది కదా అనుకుని హార్డ్‌డిస్క్ తీసి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి ఇమేజ్ ఓపెన్ చేశా.

బ్యాకప్ ఫైల్ లేదు. నేను పెట్టిన రోమ్, టూల్ మాత్రమే ఉన్నాయి.

కంపెనీ సైట్‌లో ఉన్నది ఆ కొత్త వెర్షన్ ఒక్కటే. పాతవి తీసేశారు. బాబాయ్ నన్ను తిట్టలేదు. "బ్యాకప్ తీశానన్నావు కదరా" అన్నారు, అంతే. మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. షాపు ముందు ఇద్దరు ముగ్గురు ప్రూఫ్ కోసం నిలబడి ఉన్నారు.

బోర్డ్ విప్పుకుని హైదరాబాద్ వచ్చేశా. సికింద్రాబాద్ సీటీసీ దగ్గర చిప్ లెవెల్ సర్వీస్ చేసే ఒకన్న ఉన్నాడు. కథంతా విని అడిగాడు:

"బ్యాకప్ తీసినవా తమ్ముడూ?"

"తీశా అన్నా."

"ఏ డ్రైవ్‌ల ఉంది?"

"ఏ డ్రైవ్‌లోనే అన్నా."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి నవ్వాడు. "ఫ్లాపీ లేని మెషీన్ల ఏ డ్రైవ్ ఏడికెళ్లి వచ్చింది?"

అప్పుడు వెలిగింది. ఆ "మెమ్" అనే పదానికి అర్థం "ఇమేజ్‌ని ర్యామ్‌లోకి కాపీ చేసుకో" అని. నేను బ్యాకప్ తీసింది ర్యామ్‌లో ఉన్న కాపీలోకి. డైరెక్టరీ లిస్ట్‌లో కనిపించిన ఫైల్ అబద్ధం కాదు, నిజంగానే ఉంది. రీస్టార్ట్ నొక్కేదాకా.

గ్రబ్4డాస్‌లో ఆ పదం తీసేసి రాస్తే ఇమేజ్ ర్యామ్‌లోకి వెళ్లదు. డాస్ ఏది రాసినా హార్డ్‌డిస్క్‌లో ఉన్న అసలు ఇమేజ్ ఫైల్‌లోకే వెళ్తుంది, రీస్టార్ట్ తర్వాత కూడా ఉంటుంది. ఒకటే షరతు, ఆ ఫైల్ డిస్క్ మీద ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకే వరసలో ఉండాలి. లేకపోతే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. శాంపిల్స్‌లో "మెమ్" పెట్టేది ఈ గొడవ లేకుండా ఎక్కడైనా పని చేయాలనే. వాళ్ల తప్పేం లేదు, చదవకుండా కాపీ కొట్టింది నేను.

మా అదృష్టం, ఆ బోర్డ్‌లో బయోస్ చిప్ సోల్డర్ చేసింది కాదు, సాకెట్‌లో గుచ్చింది. ఆయన దగ్గరున్న డెడ్ బోర్డుల కుప్పలో అదే మోడల్ ఇంకోటి దొరికింది. దాని చిప్‌లోంచి పాత బయోస్ చదివి, ప్రోగ్రామర్‌తో మా చిప్‌లోకి రాసి ఇచ్చాడు. ₹500. ఆయనకి ఆ బోర్డ్ దొరకకపోయుంటే?

ఫ్లాష్ చేసే ముందు ఈ రెండు నిమిషాల టెస్ట్ చేయండి

ఏ దారిలో డాస్‌లోకి వెళ్లినా, అసలు టూల్‌ని ముట్టుకునే ముందు ఇలా చేయండి:

ముందుగా, బ్యాకప్ పెట్టాలనుకున్న డ్రైవ్‌లోకి వెళ్లి ఎకో కమాండ్‌తో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ క్రియేట్ చేయండి. తర్వాత సిస్టమ్‌ని పూర్తిగా ఆఫ్ చేయండి. రీస్టార్ట్ కాదు, ఆఫ్. మళ్లీ ఆన్ చేసి అదే డాస్‌లోకి వెళ్లి ఫైల్ ఉందో లేదో చూడండి. ఉంటే అది నిజమైన డిస్క్. లేకపోతే మీరు ర్యామ్ మీద రాస్తున్నారు.

ర్యామ్ అయినా పర్వాలేదు, బ్యాకప్‌ని వేరేచోట పెట్టుకోవాలి. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌ని సిస్టమ్ ఆన్ చేయకముందే గుచ్చి ఉంచితే, చాలా బోర్డుల్లో బయోస్ దాన్ని హార్డ్‌డిస్క్‌లా చూపిస్తుంది, డాస్ దానికి ఒక అక్షరం ఇస్తుంది. తర్వాత గుచ్చితే కనిపించదు. ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ పార్టిషన్లు డాస్‌కి అసలు కనిపించవు. వెంటాయ్ వాడేవాళ్లు గమనించండి, అది పెన్‌డ్రైవ్‌ని మామూలుగా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తుంది.

బ్యాకప్ తీశాక ఫ్లాష్ చేయకుండా బయటికి వచ్చేయండి. ఆ ఫైల్‌ని ఇంకో కంప్యూటర్‌లోకి కాపీ చేసి, సైజు చూసుకుని, అప్పుడు ఫ్లాష్‌కి కూర్చోండి. రెండు ట్రిప్పులు అవుతుంది. నాలుగు రోజుల కంటే నయం.

డాస్‌లోకి వెళ్లాక వచ్చే చిక్కులు

*టూల్ స్టార్ట్ కాకుండా మెమరీ మేనేజర్ గురించి ఎర్రర్ ఇస్తే:* ఈఎంఎం386 లాంటివి లోడ్ అయ్యాయన్నమాట. ఫ్లాష్ టూల్స్‌కి అవి పడవు. బూట్ అయ్యేటప్పుడు ఎఫ్5 నొక్కితే ఆ సెట్టింగ్స్ ఏవీ లోడ్ కావు. ఎఫ్8 నొక్కితే ఒక్కొక్క లైన్ అడిగి లోడ్ చేస్తుంది.

*కీబోర్డ్ పని చేయకపోతే:* బయోస్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ లెగసీ సపోర్ట్ ఆన్ చేయండి.

*డిస్క్ చెక్ చేసే పాత టూల్స్‌కి హార్డ్‌డిస్క్ కనిపించకపోతే:* సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండి ఉంటుంది, ఐడీఈకి మార్చి చూడండి. పని అయ్యాక మళ్లీ పాత మోడ్‌కి మార్చడం మర్చిపోతే విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది. ఇంకో మాట. చప్పుడు చేస్తున్న, చనిపోయేలా ఉన్న డిస్క్ మీద రిపేర్ టూల్స్ రన్ చేయకండి. ముందు లైనక్స్‌లో డీడీరెస్క్యూతో డేటా కాపీ తీసుకోండి.

*ఎఫ్‌డిస్క్ జోలికి వెళ్లాల్సి వస్తే:* పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయినప్పుడు చాలాసార్లు పెన్‌డ్రైవే మొదటి డిస్క్ అవుతుంది, మీ అసలు హార్డ్‌డిస్క్ రెండోది. నంబర్ చూసి కాదు, సైజు చూసి గుర్తుపట్టండి. జీపీటీ డిస్కుల్ని డాస్ ఎఫ్‌డిస్క్ అర్థం చేసుకోలేదు, వాటి మీద అస్సలు వాడొద్దు.

కొత్త ల్యాప్‌టాప్‌లో చేయొచ్చా?

చాలావరకు కుదరదు. పైన చెప్పిన కిటికీ, ఇంటరప్ట్ 13హెచ్, పాత బయోస్‌లో భాగం. యూఈఎఫ్ఐలో అది లేదు. కొన్నేళ్లపాటు సీఎస్ఎం అనే లేయర్ పాత బయోస్‌లా నటిస్తూ వచ్చింది. 2020 కల్లా దాన్ని తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. మీ బోర్డ్ సెట్టింగ్స్‌లో సీఎస్ఎం ఆప్షన్ ఉంటే, సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి, సీఎస్ఎం ఆన్ చేసి ట్రై చేయొచ్చు. లేకపోతే టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. గ్రబ్‌ని యూఈఎఫ్ఐ మోడ్‌లో వాడుతుంటే లైనక్స్16 కమాండే ఉండదు, అందుకే మెమ్‌డిస్క్ ట్రిక్ అక్కడ ఫెయిల్ అవుతుంది. మీరు తప్పు టైప్ చేశారని కాదు.

కొత్త బోర్డులకి ఈ తలనొప్పి అవసరం కూడా లేదు. ఫర్మ్‌వేర్ మెనూలోనే అప్‌డేట్ ఆప్షన్ ఉంటుంది.

ఇంతకీ ఏది వాడాలి?

ఒక్కసారి బయోస్ ఫ్లాష్ చేసి వదిలేసే పని అయితే రూఫస్ పెన్‌డ్రైవ్. రాసింది అందులోనే ఉంటుంది, కన్‌ఫ్యూజన్ లేదు. పాత సిస్టమ్స్ తరచూ రిపేర్ చేసేవాళ్లకి, డిస్క్ టూల్స్ చేతిలో ఉండాలనుకునేవాళ్లకి బూట్ మెనూలో డాస్ లైన్ బాగా పనికొస్తుంది. డిస్క్ చెక్ చేసే టూల్‌కి రాసుకోవాల్సింది ఏమీ ఉండదు కాబట్టి ర్యామ్ మోడ్ హాయిగా సరిపోతుంది. ఇమేజ్ కూడా పాడవదు, ఎన్నిసార్లు బూట్ చేసినా ఫ్రెష్‌గా ఉంటుంది. నేను పోగొట్టుకున్న చోటే ఇంకొకరికి అది లాభం.

బాబాయ్ సిస్టమ్ ఇప్పుడు పాత బయోస్‌తో, పాత డ్యూయల్ కోర్‌తో నడుస్తోంది. బూట్ మెనూలో డాస్ లైన్ అలాగే ఉంచాను, "మెమ్" మాత్రం తీసేశా. మొన్న వెళ్లినప్పుడు ఆ పాత బయోస్‌ని బ్యాకప్ తీసి, ఆఫ్ చేసి, ఆన్ చేసి, ఉందో లేదో చూసి, నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్నా. వెనక నిలబడి చూస్తున్న బాబాయ్ అడిగారు, "ఈసారి ఏ డ్రైవ్‌లో పెట్టావురా?"

ఏ డ్రైవ్‌లో పెట్టలేదు బాబాయ్. మూడు చోట్ల పెట్టా.